ఆ ఖాళీ ప్లాటును ఒక నెల వదిలేయండి

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రికి వెళ్లే వైపు మా కాలనీ. నూట నలభై ఇళ్లు, అర ఎకరం పార్కు, వెనక ఒక చిన్న కుంట. నిరుడు అమెరికాలో ఆస్టిన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు గడిపాను. అక్కడ కొన్ని ఇళ్ల ముందు ‘ధ్రువీకరించిన వన్యప్రాణి ఆవాసం’ అని చిన్న రేకు బోర్డులు చూసి ముచ్చటపడ్డాను. మన కాలనీని కూడా పక్షులకు, వన్యప్రాణులకు అభయారణ్యంగా ధ్రువీకరణ చేయిద్దామని సంఘం సమావేశంలో అన్నాను. సగం మంది చప్పట్లు కొట్టారు. మిగతా సగం మంది పాములొస్తాయి, కోతులొస్తాయి అన్నారు. ఈ పత్రం మన దగ్గర ఎవరిస్తారు? మేం ఏమేం చేయాలి? గేటు పక్కన పెట్టే బోర్డుకు పెయింటరుకు అడ్వాన్సు కూడా ఇచ్చాం. ఇంకో చిన్న సంగతి. మా ఇంటి పక్క ఖాళీ ప్లాట్లో ఏదో పిట్ట పది రోజులుగా రాత్రనక పగలనక అరుస్తోంది. మనిషి అటు వెళితే తల మీదికి దూసుకొస్తోంది. అపశకునమని ఇరుగుపొరుగు బెంగపడుతున్నారు. ప్లాటు నిండా పిచ్చిమొక్కలు కూడా పెరిగాయి కాబట్టి జేసీబీ పెట్టించి చదును చేయమని యజమానికి చెప్పాం.

జవాబు: సారూ, మీరు ‘చిన్న సంగతి’ అని చివర్లో రాసిన దానితోనే మొదలుపెడతాను. ఈ సంచిక అచ్చయి మీ చేతికి వచ్చేలోగా జేసీబీ రావచ్చునని భయపడి, ఉత్తరం అందిన రోజే మీకు ఫోను చేశాను. యజమాని ఊళ్లో లేరని, మళ్లీ మాట్లాడతానని అన్నారు. దయచేసి మాట్లాడండి.

మీ పక్క ప్లాట్లో అరుస్తున్నది తీతువు పిట్ట. నల్లని తల, నల్లని రొమ్ము, కంటి ముందు ఎర్రటి తోలు ముడత, పొడవాటి పసుపు కాళ్లు. ఒకసారి డాబా మీద నిలబడి చూడండి, పోలికలు సరిపోతాయి. అది అరుస్తున్నది మీ వీధిలో ఎవరికో పోయేకాలం వచ్చిందని చెప్పడానికి కాదు. నేల మీద గుడ్లు పెట్టుకుంది కాబట్టి అరుస్తోంది. ఈ పిట్ట చెట్టెక్కి గూడు కట్టదు. మొరం నేలలో గిట్టంత గుంట చేసి, చుట్టూ నాలుగు గులకరాళ్లు పేర్చి, అందులో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లు మట్టిరంగులో నల్లటి మరకలతో ఉంటాయి. సన్నటి కొసలన్నీ లోపలి వైపుకు, నాలుగాకుల పువ్వులా అమరి ఉంటాయి. నల్గొండలో పానగల్లు ఉదయ సముద్రం కట్ట దిగువన కొత్తగా వేసిన ఒక లేఅవుట్‌లో, రెండు హద్దురాళ్ల మధ్య, ఇలాంటి గూడు చూశాను. చూశాను అనడం గొప్పకే. నా చెప్పు దానికి జానెడు దూరంలో ఆగే వరకు అక్కడ గుడ్లున్నాయని నాకు తెలియలేదు. తల్లిపిట్ట ఇరవై అడుగుల అవతల రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నడిచి నన్ను అటు లాగాలని చూసింది. నేను వెనక్కి తగ్గి హద్దురాయి మీద కూర్చున్నాను. పావుగంటకు అది చెరువు నీళ్లలో దిగి, పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి, ఆ తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుంది. మే నెల ఎండలో గుడ్లకు వెచ్చదనం అవసరం లేదు, చల్లదనం కావాలి. మన ఎండ సంగతి దానికి తెలుసు.

పొదగడానికి దానికి ఇంచుమించు నాలుగు వారాలు పడుతుంది. పదిరోజులుగా అరుస్తోందంటే సగానికి దగ్గరపడి ఉండవచ్చు. పిల్లలు గుడ్డులోంచి బయటపడ్డాక ఒళ్లు ఆరగానే నడుస్తాయి, తల్లి వెంట పోతాయి. కాబట్టి ప్లాటు యజమానిని మీరు అడగవలసింది ఏడాది కాదు, ఒక నెల. ఆ తర్వాత జేసీబీ పెట్టించుకున్నా ఆయన ఇష్టం, అయితే మొత్తం చదును చేయవద్దని ఎందుకంటానో కాస్త కిందికి వెళ్లాక చెబుతాను.

మరో మాట కూడా సంఘం వారి చెవిన వేయండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అనే మాటకు తుపాకీ పేల్చడం ఒక్కటే అర్థం కాదు. అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా ఆ నిర్వచనంలోనే ఉన్నాయి. అంటే అభయారణ్యం కోసం తీర్మానం చేసిన సంఘమే, అదే నెలలో, చట్టం దృష్టిలో వేటకు బయలుదేరబోయింది. మిమ్మల్ని ఎత్తిపొడవడానికి కాదు ఈ మాట. మన కాలనీలన్నింటిలోనూ జరిగేది ఇదే.

ఇప్పుడు పత్రం సంగతి. ఆస్టిన్‌లో మీరు చూసిన రేకు బోర్డులు నేషనల్ వైల్డ్‌లైఫ్ ఫెడరేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఇచ్చేవి అయి ఉంటాయి. 1973 నుంచి నడుస్తున్న కార్యక్రమం అది. అధికారి ఎవరూ వచ్చి తనిఖీ చేయరు. ఇంటివారే ఒక పట్టిక నింపి, రుసుము కట్టి, తమ పెరడు లెక్కకు తూగుతుందని చెప్పుకుంటారు. లెక్క ఏమిటంటే: మూడు రకాల తిండి, ఒక నీటి వసతి, తలదాచుకోవడానికి రెండు తావులు, పిల్లల్ని పెంచుకోవడానికి రెండు తావులు, ఆపై మందులు చల్లకపోవడం, నీళ్లు పొదుపు చేయడం వంటి అలవాట్లు కొన్ని. తగినన్ని ఇళ్లు, బడులు, పార్కులు ఇలా చేరితే ఊరు మొత్తానికీ గుర్తింపు ఇస్తారు. ఆస్టిన్ నగరానికి అలాంటి గుర్తింపు ఉంది.

మన దగ్గర ‘అభయారణ్యం’ అన్న మాటకు చట్టంలో వేరే బరువు ఉంది. రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తేనే అది అభయారణ్యం. అలా అయ్యాక లోపల ఎవరు ఉండాలి, ఎవరు రావాలి అన్నది అటవీశాఖ అనుమతులతో ముడిపడిపోతుంది. మీకు ఆగ్నేయాన, నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల మీదుగా పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. నూట నలభై ఇళ్ల కాలనీకి ఆ చొక్కా సరిపోదు. సొంత భూముల్లో, ఊరి భూముల్లో ప్రజలే ముందుకొచ్చి వన్యప్రాణుల్ని కాపాడుకుంటామంటే ‘సాముదాయక రిజర్వు’ ప్రకటించే వీలు 2002 సవరణతో చట్టంలోకి వచ్చింది. కర్ణాటకలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు కట్టే కొక్కరె బెళ్లూరు గ్రామానికి 2007లో ఆ హోదా వచ్చింది. అయితే ప్రకటన అయ్యాక భూవినియోగం మార్చాలంటే కమిటీ తీర్మానం, ఆపైన ప్రభుత్వ ఆమోదం కావాలి. మీ సంఘంలో ఎందరు పై అంతస్తు వేసుకోవాలని చూస్తున్నారో మీకే తెలుసు. నా సలహా: ఆ దారి పట్టకండి.

మీ కాలనీ స్థాయికి తగినది ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. ఆ ప్రాంతంలోని చెట్టూ చేమా, పిట్టా పురుగూ నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. పురపాలక కార్యాలయానికి వెళ్లి ఆ రిజిస్టర్ చూపమని అడగండి. మీ కుంట, మీ పాత చెట్లు, మీరు లెక్కపెట్టిన పక్షుల పేర్లు అందులో ఎక్కించమని రాతపూర్వకంగా ఇవ్వండి. రేపు ఎవరైనా కుంటను పూడ్చబోతే గేటు మీది బోర్డు మీకు అక్కరకు రాదు. రిజిస్టర్‌లో ఉన్న రెండు వాక్యాలు వస్తాయి. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది ఈ చట్టం కిందనే. నగరం అంచున, ఇళ్ల మధ్య ఉన్న చెరువే అది.

‘మేం ఏమేం చేయాలి’ అని అడిగారు. ఏమేం మానాలి అని అడిగి ఉంటే సులువుగా జవాబు చెప్పేవాణ్ణి. కాలనీల్లో పక్షులు తగ్గడానికి కారణం మనం వాటికి ఏదో పెట్టకపోవడం కాదు. ఊడ్వడం, కొట్టేయడం, సిమెంటు వేయడం, మందు చల్లడం, ఈ నాలుగు పనులూ మరీ శ్రద్ధగా చేయడం.

నా తప్పు ముందు చెబుతాను. పదేళ్ల కిందట నల్గొండలో మా డాబా మీద రోజూ పొద్దున్నే గుప్పెడు జొన్నలు చల్లడం మొదలుపెట్టాను. మొదటి వారం నాలుగు పిచ్చుకలు, రెండు గువ్వలు వచ్చాయి. నాకు గర్వంగానే ఉండేది. నెల తిరిగేసరికి పావురాలు దిగాయి. మరో రెండు నెలలకు డాబా పిట్టగోడ నిండా పావురాలే. పిచ్చుకలు కనబడటం మానేశాయి. ఎండిన రెట్ట పొడి గాలిలో లేచి కిటికీల్లోకి పోయేది. మా పక్కింటి పెద్దావిడకు దగ్గు పట్టుకుంది. పావురాల రెట్ట, ఈకల పొడి రోజుల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు వాచిపోయే జబ్బు ఒకటుందని ఆవిడను చూసిన డాక్టరు చెబితేగానీ నాకు తలకెక్కలేదు. జొన్నలు ఆపేశాక కూడా ఆ పావురాలు పోవడానికి ఏడాది పట్టింది. కాబట్టి మీ సంఘం గింజల బస్తాలు కొనాలనుకుంటే వద్దనండి. పిచ్చుకలకు ఏదైనా పెట్టాలనిపిస్తే మన పెద్దలు చేసినట్టు కోతల కాలంలో వరికంకుల కుచ్చులు అల్లి వసారాలో వేలాడదీయండి. గుడి మండపంలో కూడా కట్టవచ్చు. ఊగే కుచ్చును పట్టుకొని గింజ ఒలుచుకోవడం పిచ్చుకకు చేతనవును. బరువైన పావురానికి ఆ విద్య రాదు.

పిచ్చుక గూళ్ల పెట్టెలు పెడతామంటే పెట్టండి, ప్లాస్టిక్‌వి మాత్రం వద్దు. ఎండకు పిల్లలు లోపలే ఉడికిపోతాయి. చెక్కపెట్టె చేయించి, 32 మిల్లీమీటర్ల కన్నం పెట్టించి, చూరు కింద నీడ పట్టున, పిల్లి ఎగిరి అందుకోలేనంత ఎత్తులో బిగించండి. అయితే గింజ తినే పిచ్చుక కూడా తన పిల్లలకు మొదటి రోజుల్లో పెట్టేది పురుగుల్నే. పార్కులో గొంగళిపురుగు కనబడగానే మందు కొట్టే తోటమాలి ఉన్నంతకాలం పెట్టెలు ఖాళీగా వేలాడతాయి. మీ పెరట్లో కరివేపాకు మొక్క ఉంటే ఈ వర్షాకాలంలో లేత ఆకుల మీద వెతకండి. పిట్ట రెట్ట పడినట్టు నల్లగా, మధ్యలో తెల్లటి మరకతో ఒక పురుగు కనబడుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి కొమ్ముల్లాంటిది బయటికి చాచి ఘాటైన వాసన వదులుతుంది. అది నిమ్మజాతి మొక్కల మీద పెరిగే సీతాకోకచిలుక పిల్ల. మా జిల్లా బత్తాయి రైతుకు అది పురుగే, నారుమడి మీద పడితే ఊరుకోడు, ఊరుకోమని నేనూ అనను. మీ పెరటి కరివేపాకు అమ్మకానికి కాదు కదా, నాలుగు రెమ్మలు వదిలేయండి. జిల్లేడును ‘పిచ్చిమొక్క’ అని పీకేయకపోతే దాని మీద ఇంకో రకం పెరుగుతుంది, నారింజరంగు రెక్కలది.

ఖాళీ ప్లాట్లు మొత్తం చదును చేయవద్దని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. మన కాలనీల్లో పార్కు కంటే ఖాళీ ప్లాట్లలోనే జీవం ఎక్కువ. పార్కులో గడ్డి తివాచీ, కత్తిరించిన మొక్కల వరసలు, సిమెంటు బల్లలు ఉంటాయి. ఖాళీ ప్లాట్లో తంగేడు, వెంపలి, రేగు, జిల్లేడు, గరిక ఉంటాయి, వాటి మీద పురుగులుంటాయి. ఆ పురుగుల కోసం కరెంటు తీగ మీద పసులపోలిగాడు కూర్చుంటుంది. చీలిన తోకతో నల్లగా మెరిసే ఈ పిట్టకు గేదెల వీపులెక్కి తిరుగుతుందని ఆ పేరు. ఫోనులో పక్షుల్ని గుర్తుపట్టే యాప్ దీనికి వేరే పేరు చెబుతుంది. మీ కాలనీలో పల్లె నుంచి వచ్చిన అవ్వలను అడిగితే ఇంకో నాలుగు పేర్లు చెబుతారు. పిల్లలకు కాగితం, పెన్ను ఇచ్చి ఆ పేర్లు రాసుకురమ్మనండి, ఇది పక్షులకోసం కాదు, నా స్వార్థం, నాకూ ఒక ప్రతి పంపండి.

సంఘంలో యజమానుల ఫోను నంబర్లు ఉంటాయి కదా. రోడ్డు వైపు ఆరడుగులు శుభ్రం చేయించండి, చెత్త ఎత్తించండి, ఇటుక ముక్కల కుప్పలు తీయించండి. వెనక భాగాన్ని వదిలేయండి. సర్కారు తుమ్మ మొలిచి ఉంటే అది మాత్రం వేళ్లతో సహా తీయించవలసిందే, లేకపోతే రెండేళ్లలో అది తప్ప ఇంకేదీ మిగలదు.

పాముల భయం ఉత్తదని నేను అనను. పాము వచ్చేది పిచ్చుకల కోసం కాదు, ఎలుకల కోసం, కప్పల కోసం. ఎలుకలు వచ్చేది మన చెత్త కోసం, గింజల కోసం. గింజలు చల్లవద్దన్నది ఇందుకు కూడా. కాలనీల్లో తరచుగా కనబడేది జెర్రిపోతు, దానికి విషం లేదు, ఏడాదికి ఎన్ని ఎలుకల్ని మింగుతుందో మనం లెక్కపెట్టలేం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర కూడా పాలమూరులో ఉన్నాయి. రాత్రిపూట టార్చి లేకుండా నడవవద్దు, కట్లపాము పక్కలోకి వస్తుంది కాబట్టి నేల మీద పడుకునేవారు దోమతెర చుట్టూ దోపుకోవాలి. పాము కరిస్తే మంత్రగాడి కోసం చూడకుండా 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందున్న ప్రభుత్వాసుపత్రికి పోవాలి. ఈ మూడు మాటలూ అభయారణ్యం ఉన్నా లేకపోయినా మీ నోటీసు బోర్డు మీద ఉండాలి. ఎలుకల మందు మాత్రం ఆపించండి. మందు తిని తూలుతున్న ఎలుకను గుడ్లగూబ పట్టుకుంటే అదీ చస్తుంది. గుడ్లగూబ కూడా అపశకునమే అంటారనుకోండి, దాని పని అది రాత్రిపూట మన తరఫున చేసిపోతుంది.

కోతుల దగ్గర మాత్రం మీ ప్రత్యర్థుల పక్షాన నిలబడతాను. మీ జిల్లాలోనూ మా జిల్లాలోనూ కోతుల బాధ ఎంత ఉందో తెలియనివారు రాసే సలహా ఇది కాదు. కోతులు పండ్లతో ఆగవు, పిట్టల గుడ్లు, పిల్లలు కూడా తింటాయి. కాబట్టి కాలనీలో జామ, మామిడి వరసలు కొత్తగా వేయవద్దు. మంగళవారం, శనివారం అరటిపండ్లు పంచే భక్తులతో మర్యాదగా మాట్లాడండి, ఆ పండ్లు గుడిలోనే ఇచ్చేయమనండి. చెత్తబుట్టలకు మూతలు పెట్టించండి. ఇవన్నీ చేసినా కోతులు రావని హామీ ఇవ్వలేను.

మరి ఏ చెట్లు? కానుగ, వేప, నేరేడు, మోదుగ, పొగడ. జమ్మి ఒకటి తప్పకుండా, మన రాష్ట్ర వృక్షం అని కాదు, నీళ్లడగకుండా మీ నేలలో బతుకుతుంది కాబట్టి. నేరేడుకు కోతి కూడా వస్తుంది, అందుకే ఇళ్లకు దూరంగా కుంట వైపు పెట్టండి. కరెంటు తీగల కింద పెద్దచెట్టు నాటి, ఏటా దాని తల నరికించడం కంటే అక్కడ తంగేడు, వావిలి, గోరింట వంటి పొదలు పెట్టడం మేలు. కంచెకు గోరింట వేస్తే లోపల జీనువాయి వంటి చిన్న పిట్టలు గూడు కట్టుకుంటాయి, ఆడపిల్లలకు ఆషాఢంలో ఆకూ దొరుకుతుంది. బజారులో తొందరగా పచ్చగా కనబడే కోనోకార్పస్ అంటగడతారు, వద్దు. మన పిట్టలకు అది పెట్టే తిండి ఏమీ లేదు. మృగశిర కార్తె ప్రవేశించి రెండు మంచి వానలు పడ్డాక గుంటలు నింపండి. ఇరవై మొక్కలు నాటి ఇరవై బతికించుకోండి. రెండు వందలు నాటి ఫొటో దిగడం మన ఊళ్లలో కొత్తేమీ కాదు.

మర్రి సంగతి వేరుగా చెప్పాలి, మీరు పిల్లలమర్రి దారిలో ఉన్నారు కాబట్టి. ఆ ఒక్క చెట్టు ఏడు వందల ఏళ్లదని అంటారు, ఊడలతో ఎకరాల మేర పరుచుకుంది. చెదలు పట్టి కొమ్మలు కూలుతుంటే 2018లో దానికి సెలైన్ సీసాలు వేలాడదీసి, చుక్కచుక్కగా మందు ఎక్కించారు. ఆ బొమ్మలు దేశమంతా చూసింది. మర్రి, రావి, మేడి, జువ్వి కుటుంబం చెట్లు కాసినప్పుడు కోకిల, గోరింక, పికిలిపిట్ట, గబ్బిలం అన్నీ ఒకే పంక్తిలో భోజనానికి కూర్చుంటాయి. ఒక చెట్టు కాయనప్పుడు ఇంకోటి కాస్తుంది. పార్కులో, గోడలకు, పైపులకు దూరంగా ఒక్క మేడికి గానీ మర్రికి గానీ చోటుంటే వేయండి. ఇంటి ప్రహరీ పక్కన మాత్రం వద్దు, గోడ పగిలాక అదే చెట్టును నరకమని మీరే దరఖాస్తు పెట్టవలసి వస్తుంది. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం కింద ఆ అనుమతి కూడా తేలిక కాదు.

నీళ్ల గురించి క్లుప్తంగా. రోహిణి కార్తె ఎండలకు ఇంటికొక మట్టి మూకుడు, రెండంగుళాల లోతు మించకుండా, లోపల ఒక గరుకు రాయి, చెట్టు నీడలో, పిల్లి నక్కే పొదకు దూరంగా. రోజూ నీళ్లు పారబోసి, కొబ్బరిపీచుతో తోమి, కొత్తగా నింపాలి. నాలుగు రోజులు అలాగే వదిలేసిన మూకుడు కంటే మూకుడు లేకపోవడమే మంచిది. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలదాకా రావడానికి వారం పదిరోజులు చాలు.

కుంట గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, నాకు మాత్రం అదే మీ కాలనీ ఆస్తి అనిపిస్తోంది. అందులోకి ఏ ఇంటి మురుగు కాలువ కలుస్తోందో ఒక ఆదివారం గట్టు చుట్టూ తిరిగి చూడండి. గట్టుకు సిమెంటు, రంగు దీపాలు, నడకదారి పెట్టిస్తామని ఎవరైనా వస్తే ఒక వైపుకే ఒప్పుకోండి. రెండోవైపు గట్టు మట్టిగా, తుంగతో, జమ్ముతో ఉండనివ్వండి. నీటికోడి, లకుముకి పిట్ట, గట్టు బొరియల్లో పసిరిక పిట్ట ఉండేది అక్కడే. వినాయక నిమజ్జనానికి కాలనీ అంతా ఒకే మట్టి విగ్రహం పెట్టుకుంటే ఆ నీళ్లకు చేసిన ఉపకారం ఏ బోర్డు కంటే తక్కువ కాదు. సంక్రాంతికి నైలాన్ మాంజా కాలనీలోకి రానివ్వకండి, 2017లోనే జాతీయ హరిత ట్రైబ్యునల్ దాన్ని నిషేధించినా దుకాణాల్లో దొరుకుతూనే ఉంది. చెట్లకు చిక్కుకున్న దారాలను పండగ మర్నాడే పిల్లల చేత ఏరించండి. పంజరంలో రామచిలుకను పెంచే ఇల్లు మీ కాలనీలో ఒకటైనా ఉంటుంది. అది నేరమని వాళ్లకు తెలియకపోవచ్చు. ముందు సంఘం వారు వెళ్లి చెప్పండి, విడిచిపెట్టే పని అటవీశాఖ వారికి వదిలేయండి, ఏళ్ల తరబడి పంజరంలో ఉన్నది ఒక్కసారిగా బయట బతకలేదు.

వీటన్నింటికంటే ముందు ఒక పని ఉంది. లెక్క రాయడం. 1930ల మొదట్లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేస్తూ సలీం అలీ మీ పాలమూరు దిక్కున అమ్రాబాద్ గుట్టల దాకా వచ్చారు. ఏ పిట్ట ఎక్కడ ఉందో ఆనాడు రాసిపెట్టారు కాబట్టే ఈనాడు ఏది తగ్గిందో పోల్చి చూడగలుగుతున్నాం. మీ కాలనీలో ఇప్పుడు ఎన్ని రకాలున్నాయో తెలియకుండా, మీరు నాటిన చెట్ల వల్ల పెరిగాయో లేదో ఎలా చెబుతారు? ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి నలుగురు బయలుదేరండి. గేటు దగ్గర మొదలుపెట్టి, ఖాళీ ప్లాట్ల మీదుగా, పార్కు దాటి, కుంట గట్టు మీద ముగించండి. ప్రతివారం అదే దారి, అంతే సమయం. చూసినవీ విన్నవీ రాయండి. ఈబర్డ్ అనే ఉచిత యాప్‌లో ఎక్కిస్తే మీ జాబితా తేదీతో సహా భద్రంగా ఉంటుంది, దేశంలో పక్షుల మీద పనిచేసేవారికీ ఉపయోగపడుతుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది, పావుగంట చూసి రాసినా చాలు. మీ పూర్వ విద్యార్థులు ఆ ఊళ్లో ఎందరో ఉండి ఉంటారు. రమ్మంటే మీ మాట కాదనరు.

పెయింటరుకు ఇచ్చిన అడ్వాన్సు వృథా కానక్కరలేదు. ‘అభయారణ్యం’ అని మాత్రం రాయించకండి, ఆ మాట ప్రభుత్వానిది. బోర్డును నల్లరంగు వేసి ఇవ్వమనండి, బళ్లో ఉండే నల్లబల్లలాగా. పైన కాలనీ పేరు, కింద అంతా ఖాళీ. ప్రతి ఆదివారం లెక్క ముగిశాక పిల్లలు సుద్దముక్కతో ఆ వారం కనబడిన పిట్టల పేర్లు రాస్తారు. సుద్దముక్క పట్టడం మీకు చెప్పేదేముంది. మొదటి వారం జాబితాలో మొదటి పేరు తీతువు అయ్యేలా చూడండి. అందుకు ప్లాటు యజమాని ఫోను ఎత్తాలి, జేసీబీ నెల తర్వాతి తేదీకి మారాలి. ఈ లోపు గుడ్లున్న చోటికి పది గజాల దూరంలో నాలుగు కర్రలు పాతి, పాత చీర చించి కట్టండి, పిల్లలు బంతి కోసం అటు పరిగెత్తకుండా. కర్రలు పాతే మనిషి నెత్తిన తువ్వాలు చుట్టుకొని వెళ్లాలి, తీతువు ఊరుకోదు.